వంశవృక్షమును వేఱొక పాదునకు మార్చునపుడు

తర్పణము విడుచు గృహస్థు తండ్రిని, తాతను, ముత్తాతను పేరు పేరున తలంచును. అంతటితో మంత్రము నిలిచిపోవును. పెక్కుర యిండ్ల జ్ఞాపకమును అచటనే నిలిచిపోవును. నాలుగవ తరమువాని పేరడిగినచో పండితుడును తడబడును. కాని భూమిని గూర్చిన తగవు పుట్టినపుడు న్యాయస్థానము మూడు తరములతో తృప్తినొందదు. మూలపురుషుడెవడు, అతనికి సంతానమెందఱు, ఆడుబిడ్డలు ఏ యింటికి పోయిరి, నిస్సంతుగా గతించినవాని భాగమెవరికి సంక్రమించెను అని తరచి తరచి యడుగును. కావుననే మన పెద్దలు వంశవృక్షమును పట్టాలతోను, పాలుపంపకపు కాగితములతోను కలిపి దస్తావేజుల పెట్టెలో దాచిరి.

నేడా పెట్టెకు బదులు కంప్యూటరు వచ్చినది. వంశవృక్షములను వ్రాసికొనుటకై ప్రత్యేకముగ రచింపబడిన ప్రోగ్రాములు పెక్కులు గలవు. పేర్లు, తేదీలు, ఛాయాచిత్రములు, పత్రముల నకళ్లు వానిలో నెక్కించుకొనుచున్నారు. ఇంతవఱకు సంతోషమే. కాని తాటియాకు చెదపట్టినట్లే ప్రోగ్రామునకును ఆయువు తీఱును. రచించిన సంస్థ మూతపడును, లేదా అమ్ముడుపోవును, లేదా క్రొత్త యంత్రమున పాత ప్రోగ్రాము తెఱచుకొనదు. అప్పుడు వృక్షమును పెకలించి వేఱొక పాదున నాటవలయును. వేళ్లు తెగకుండ నాటుట యెట్లు? ఇదియే నేటి మన విచారణ.

ఇది తీఱికగల పట్టణవాసుల వినోదమని కొందఱు తలపవచ్చును. అట్లు తలచువారు ఒక్కమారు గుమ్మలక్ష్మీపురము మన్యమువైపు దృష్టి సారింపవలయును. పార్వతీపురము మన్యము జిల్లాలో, ఒడిషా సరిహద్దున, తూర్పుకనుమల నడుమ నున్న యీ మండలమున జాతాపులును, సవరలును తరతరములుగా నివసించుచున్నారు. వారి భూమికి కాగితము లేదు. వారి వంశమునకును కాగితము లేదు. రెండును వృద్ధుల నోటనే యున్నవి. కాని శాసనము నేడు వారిని అడుగుచున్నది వంశమునే.

2006వ సంవత్సరపు అటవీహక్కుల చట్టము క్రింద చేయబడిన నిబంధనలలో 13వది సాక్ష్యములను పేర్కొనుచున్నది. గెజటీర్లు, జనాభా లెక్కలు, పటములు, ఇండ్లు, గట్లు, శ్మశానములు, పెద్దల వాఙ్మూలములు మున్నగువానితోపాటు, పూర్వపు రికార్డులలో పేరున్న వ్యక్తినుండి గాని, ఆ గ్రామమున పూర్వము న్యాయముగ నివసించినట్లు గుర్తింపబడిన వ్యక్తినుండి గాని హక్కుదారువఱకు వచ్చు వంశక్రమమును సాక్ష్యముగ నందు చేర్చబడినది. గ్రామసభయు, పై కమిటీలును ఒకటికంటె నెక్కువ సాక్ష్యములను పరిశీలింపవలయునని కూడ ఆ నిబంధనయే చెప్పుచున్నది. గిరిజనులు 2005 డిసెంబరు 13వ తేదీకి ముందునుండి అనుభవమున నున్నట్లు చూపిన చాలును. గిరిజనేతరులగు సాంప్రదాయిక అటవీనివాసులు మూడు తరములు, అనగా డెబ్బదియైదేండ్లు, చూపవలయును. ఇట్లు లభించిన హక్కు వంశపారంపర్యమే కాని విక్రయింపదగినది కాదు. ప్రత్యక్ష వారసుడు లేనిచో అది సమీప బంధువునకు పోవును. సమీప బంధువెవడో తేల్చునది వంశవృక్షము గాక మఱేమి?

ఇంకొక చట్టము కలదు. షెడ్యూల్డు ప్రాంతములలో భూమి గిరిజనేతరుల హస్తగతము గాకుండుటకై 1959లో మొదటి రెగ్యులేషనును, దానిని బిగించుచు 1970లో వేఱొకదానిని చేసిరి. అన్యాక్రాంతమైన భూమిని విడిపించునపుడు, దానిని మొదట నిచ్చినవానికి గాని వాని వారసులకు గాని తిరిగి యప్పగింపవలయును. వారి జాడ తెలియనపుడు భూమి యితర గిరిజనులకు గాని, వారి సహకార సంఘమునకు గాని పోవచ్చును. అనగా తాతపేరు మఱచిన మనుమడు తాతభూమి ఇతరులకు పంచబడుచుండగా గట్టున నిలిచి చూడవలసియుండును. పట్టణమున వంశవృక్షము పోయినచో పోవునది గర్వము. మన్యమున పోయినచో పోవునది పొలము.

వంశక్రమమును ఒక యాధారమునుండి మఱియొక యాధారమునకు మార్చుట మన దేశమున క్రొత్తగాదు. తూర్పు చాళుక్యుల తామ్రశాసనములు కుబ్జవిష్ణువర్ధనునినుండి రాజుల వరుసను, వారి యేలుబడి సంవత్సరములను చెప్పుచు వచ్చును. ఒక రేకునుండి మఱియొక రేకునకు ఎత్తి వ్రాయుటలో కొన్ని సంఖ్యలు భిన్నించుటచేతనే చరిత్రకారులు కాలనిర్ణయమునకై యింత శ్రమపడవలసివచ్చినది. కర్నలు మెకంజీ కాలమున కావలి సోదరులు మున్నగు మన పండితులు గ్రామ గ్రామమున సేకరించిన కైఫియ్యతులను, పిమ్మట సి. పి. బ్రౌను నకళ్లు వ్రాయించి కాపాడెను. మూలము శిథిలమగుచుండ నకలు నిలిచినది. ఈ రెండు దృష్టాంతములు రెండు పాఠములు నేర్పుచున్నవి. నకలెత్తనిచో నశించును, పోల్చిచూడక నకలెత్తినచో తప్పు శాశ్వతమగును.

ఇక ప్రోగ్రాముల సంగతి. అమెరికాలో యూటా రాష్ట్రము కేంద్రముగా గల మార్మనుల క్రైస్తవసంఘమువారికి మృతులైన పూర్వుల పేరట సంస్కారములు జరుపుట మతవిధి. అందుచే వారు ప్రపంచమందలి వంశావళులను సేకరించుటకు పూనిరి. వారు ఉచితముగ నిచ్చుచుండిన ‘పర్సనల్ యాన్సెస్ట్రల్ ఫైల్’ అను ప్రోగ్రామును 2013 జూలైలో విరమించిరి. పండితులు మెచ్చిన ‘ది మాస్టర్ జీనియాలజిస్ట్’ అనుదానిని దాని కర్తలు 2014లో ఆపివేసిరి. జనసామాన్యమున బహుళ ప్రచారము గల ‘ఫ్యామిలీ ట్రీ మేకర్’ను దాని యజమానులగు యాన్సెస్ట్రీ సంస్థవారు 2015 డిసెంబరులో విరమింతుమని ప్రకటించి, వాడుకరులు గగ్గోలుపెట్టిన పిమ్మట 2016లో సాఫ్ట్‌వేర్ మెకీవ్ అను వేఱొక సంస్థకు అప్పగించిరి. మూడేండ్లలో మూడు మహావృక్షములకు గాలివాన! వానిని నమ్ముకొన్న కుటుంబములవారందఱును తమ వంశమును మోసికొని క్రొత్త చోటు వెదకవలసివచ్చినది.

ఇట్టి వలసకొఱకు ఒక సామాన్యభాష కలదు. దానిపేరు జెడ్‌కామ్. పై సంఘమువారే 1984లో దానిని నిర్మించిరి. 5.5 అను కూర్పు 1996లో వెలువడినది, 1999లో 5.5.1 అను చిత్తుప్రతి వచ్చి, ఇరువదియేండ్లు చిత్తుప్రతిగనే లోకమంతట చెల్లి, 2019లో గాని స్థిరపడలేదు, 2021లో 7.0 కూర్పు వచ్చినది. దీని నిర్మాణము సులభము. ప్రతి వ్యక్తికి ఒక సంఖ్య, ప్రతి దంపతులకు ఒక కుటుంబసంఖ్య నియమింతురు. వ్యక్తి ఏ కుటుంబమున బిడ్డయో, ఏ కుటుంబమున భర్తయో భార్యయో ఆ సంఖ్యలవలన తెలియును. పేరు, జననము, వివాహము, మరణము అనువానికి మూడు నాలుగు ఆంగ్లాక్షరముల సంకేతములుండును. ఫైలు సాదా వ్రాత గనుక ఏ యంత్రముననైనను తెఱచి చదువవచ్చును. ఒక ప్రోగ్రామునుండి ఈ రూపమున వెలికి తీసి మఱియొక ప్రోగ్రామున ప్రవేశపెట్టుటయే వలసమార్గము.

మార్గము సులభమే, కాని దారిలో సామాను రాలిపోవును. ఏవి రాలునో ముందెఱిగినవాడు మూట గట్టిగ కట్టుకొనును. మన దేశపు కుటుంబములకు, అందును మన్యపు కుటుంబములకు, రాలునవి ముఖ్యముగ నాఱు.

మొదటిది లిపి. పాత జెడ్‌కామ్ ఫైళ్లు ‘ఆన్సెల్’ అను అక్షరసంకేతముతో నుండెడివి. అందు తెలుగక్షరములకు తావులేదు. అందులోనికి మార్చిన తెలుగు పేర్లు ప్రశ్నార్థకచిహ్నములై మిగులును. ఆంగ్లాక్షరముల సంకేతములకు తెలుగు రూపమును పైపూతగా తొడిగిన పాత అచ్చు ఫాంట్లతో వ్రాసినవి మఱియు ప్రమాదకరములు. ఆ ఫాంటు లేని యంత్రమున తాతపేరు పిచ్చివ్రాతగా కానవచ్చును. తెలుగునకు యూనికోడున 1991లోనే స్థానము లభించినది. ఆ సంకేతమున వ్రాసి, యు.టి.ఎఫ్-8 రూపమున వెలికి తీసినచో అక్షరము చెడదు.

రెండవది యింటిపేరు. పాశ్చాత్యుల వంశనామము చివరనుండును; మనది మొదటనుండును. జెడ్‌కామ్ ఫైలులో వంశనామమునకు ఇరువైపుల ఏటవాలు గీతలుండును గనుక అది యెచటనున్నను బాధలేదు. కాని గీతలు లేనిచో కొన్ని ప్రోగ్రాములు కడపటి మాటనే వంశనామముగ గ్రహించును. అప్పుడు ‘రావు’ అనునది యింటిపేరై, గోదావరి రావును, గుంటూరు రావును ఒకే వంశీయులుగ లెక్కకెక్కుదురు. స్త్రీల విషయమున ఇంకను జాగ్రత్త వలయును. సవరలలో ఒక మూలపురుషుని నాలుగైదు తరముల సంతతిని ‘బిరింద’ యందురనియు, ఒకే బిరిందలో పెండ్లి నిషిద్ధమనియు, స్త్రీ పెండ్లియైనను తన పుట్టింటి బిరిందను విడువదనియు వెరియర్ ఎల్విన్ 1955లో ప్రకటించిన గ్రంథమున వ్రాసెను. పెండ్లికూతురునకు భర్త వంశనామమును తానుగా తగిలించు ప్రోగ్రాము ఈ ధర్మమును ఒక్క మీటతో చెఱిపివేయును.

మూడవది సమాననామము. తాతపేరు మనుమనికి పెట్టుట మనయందఱ ఆచారము. సవరలలో గతించిన పూర్వుని పేరు శిశువునకు పెట్టుట ఆ పూర్వునికి శాంతి గూర్చు క్రియయని మానవశాస్త్రజ్ఞులు వ్రాసియున్నారు. ఒకే గ్రామము, ఒకే యింటిపేరు, ఒకే వ్యక్తినామము. ప్రోగ్రాము ఇవి రెండు ప్రతులని భ్రమించి ‘కలుపుదునా?’ అని యడుగును. సరేయన్నచో తాతయు మనుమడును ఒక్కడగును. నడుమనున్న తండ్రి తన కుమారునికే కుమారుడగును!

నాలుగవది బంధుత్వరీతి. దత్తపుత్రునకు జనకులును, దత్తత గైకొన్నవారును ఇరువురును తల్లిదండ్రులే. జెడ్‌కామ్ దీనిని చెప్పగలదు. కాని కొన్ని ప్రోగ్రాములు ఒక జంటనే నిలుపుకొనును. మేనఱికమున ఒకే ముత్తాత రెండు దారుల తగులును. రెండు దారులను కలుపలేని ప్రోగ్రాము ఆ ముత్తాతను ఇద్దఱిని చేయును. ఇల్లరికపుటల్లునికి, బిరిందకు సంకేతములే లేవు. అందుకై ఒక ప్రోగ్రామున మనము స్వయముగ కల్పించుకొన్న గడులు మఱియొక ప్రోగ్రామునకు అర్థముగాక త్రోసివేయబడును.

అయిదవది స్థలము. గుమ్మలక్ష్మీపురము కదలలేదు, జిల్లాలు దానిమీదుగ కదలినవి. 1950వఱకు అది విశాఖపట్టణము జిల్లా. ఆ యేటి ఆగస్టు 15న శ్రీకాకుళము జిల్లా యేర్పడగా అందు చేరినది. 1979 జూన్ 1న విజయనగరము జిల్లాలోనికి పోయినది. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురము మన్యము జిల్లాలోనికి వచ్చినది. రాష్ట్రమును మద్రాసు, ఆంధ్ర, ఆంధ్రప్రదేశ్ అని మాఱినది. 1936లో ఒడిషా రాష్ట్రమేర్పడినపుడు గునుపూరు అటుపోయి, ఇరుగుపొరుగున నున్న బంధువులు రెండు రాష్ట్రములవారైరి. వారి రికార్డులు రెండు లిపులలోనికి చీలినవి. కావున తాత పుట్టుకకు నేటి జిల్లాపేరు వ్రాసినచో ఆ రికార్డు ఏ కచ్చేరిలో వెదకవలయునో మనుమనికి తెలియదు. ఏ జిల్లాలో ఎప్పటినుండి ఎప్పటివఱకుండెనో వ్రాయగల ప్రోగ్రాములు గలవు. కాని ఆ వివరము వలసలో జాఱిపోవుచుండును.

ఆఱవది కాలము. జెడ్‌కామ్ పాత కూర్పులు ఇంగ్లీషు తేదీలతోపాటు యూదుల పంచాంగమును, ఫ్రెంచి విప్లవపు పంచాంగమును సైతము ఎఱుగును. మన ప్రభవాదులను ఎఱుగవు. మనకును వానిలో చిక్కుకలదు. అఱువదేండ్లకొకమారు అదే పేరు తిరిగివచ్చును. ‘విరోధి’ యనిన 1889 నాటిదా, 1949 నాటిదా, 2009 నాటిదా? కావున ‘సుమారు’, ‘ముందు’, ‘తరువాత’ అను గుర్తులతో ఇంగ్లీషు సంవత్సరము నొకటి వ్రాసి, వృద్ధుడు చెప్పిన మాటను ఉన్నదున్నట్లు ప్రక్కన జతపఱుపవలయును. ఊహను నిశ్చయముగ వ్రాయుట అబద్ధసాక్ష్యము వ్రాయుటయే.

వీనికి తోడు ఛాయాచిత్రములు గలవు. సామాన్యపు జెడ్‌కామ్ ఫైలులో చిత్రముండదు. చిత్రము ఏ పెట్టెలో నున్నదో చిరునామా మాత్రముండును. పెట్టె మాఱినచో చిరునామా వ్యర్థము. 7.0 కూర్పున చిత్రములను ఫైలుతోపాటు ఒకే మూటగ కట్టు ఏర్పాటు చేసిరి. పాత కూర్పులవారు చిత్రములను వేఱుగ నకలు తీసికొనవలయును.

ఇట్లుండగా కర్తవ్యమేమి? ప్రోగ్రాము మార్చుటకు ముందు వ్యక్తులెందఱు, కుటుంబములెన్ని, మూలపురుషునినుండి తరములెన్ని అని కాగితముమీద లెక్క వ్రాసికొనవలయును. ప్రతి వ్యక్తికి తనదైన ఒక సంఖ్య నిచ్చి, అది పేరుతోపాటు ప్రయాణించునట్లు చేయవలయును. సమాననామములకు ఇదియే మందు. స్వయముగ కల్పించిన గడులలోని సంగతులను ‘వివరణ’లోనికి ఎత్తి వ్రాయవలయును, సాదా వివరణ సామాన్యముగ ఎచటను పోదు. పిమ్మట ఫైలు వెలికి తీసి, క్రొత్త ప్రోగ్రామున ఖాళీ వృక్షమున మాత్రమే ప్రవేశపెట్టవలయును. ఉన్న వృక్షముపై పోసినచో పాలును నీరును కలిసినట్లగును. ప్రవేశమున ప్రోగ్రాము చూపు లోపముల పట్టికను చదువక మూయరాదు. లెక్కలను పోల్చిచూడవలయును. రెండు పెండ్లిండ్లు, దత్తత, మేనఱికము, ఇల్లరికము గల శాఖలను ఒక్కొక్క పేరుగ సరిచూడవలయును. తప్పు దాగునది అచటనే. కడపట ఆ వృక్షమును అచ్చొత్తించి, ఊరి పెద్దలయెదుట బిగ్గరగ చదువవలయును. చెవితో కాపాడబడిన విద్యకు చెవియే పరీక్షాధికారి.

పాత ప్రోగ్రామును, దాని ఫైలును క్రొత్తది నచ్చినదని పాఱవేయరాదు. ఇందుకు శాసనసంబంధమగు కారణము కలదు. భూస్వాములు దీనిని గమనింతురు గాక. 1872వ సంవత్సరపు సాక్ష్యచట్టము 32వ సెక్షను వంశావళిలోని బంధుత్వపు వ్రాతను, వ్రాసినవాడు గతించినను, సాక్ష్యముగ నంగీకరించినది. కాని ఆ వ్రాత తగవు పుట్టకముందే వ్రాయబడి యుండవలయునని నియమము పెట్టినది. 2024 జూలై 1 నుండి దాని స్థానమున అమలునకు వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమున ఈ నియమము నిలిచియున్నది. ప్రోగ్రాము మార్చినపుడు తేదీలు మాఱి, నిన్ననే వ్రాసినట్లు కానవచ్చును. కావున పాత ఫైలును, నాటి తేదీతో పెద్దలు చేవ్రాలు చేసిన కాగితపు ప్రతియు భద్రముగ నుండవలయును. తగవు వచ్చిన పిమ్మట వ్రాసిన వంశవృక్షము చేతులు కాలిన పిమ్మట పట్టుకొన్న ఆకు.

ఆడుబిడ్డల ప్రసక్తియు ఇచటనే చేయవలయును. పాత వంశవృక్షములలో కొమ్మలన్నియు కొడుకులే, కూతుండ్ర పేర్లుండవు. 1956 నాటి హిందూ వారసత్వచట్టము కూతురును తండ్రి స్వార్జితమునకు వారసురాలిని చేసినది. ఆంధ్రప్రదేశపు సవరణము 1985 సెప్టెంబరునుండి, కేంద్రపు సవరణము 2005 సెప్టెంబరునుండి ఆమెకు ఉమ్మడియాస్తిలోను సమానహక్కు నిచ్చినవి. ఈ చట్టము షెడ్యూల్డు తెగలకు స్వతస్సిద్ధముగ వర్తింపదు. అచట వారి యాచారమే ప్రమాణము. అయినను అటవీహక్కుల పట్టాను దంపతులైనచో ఇరువురి పేరటను వ్రాయవలయునని 2006 చట్టము శాసించినది. కూతురును వ్రాయని వంశవృక్షము సగము చెట్టు.

ఇక స్వాతంత్ర్యపు మాట. తన వంశచరిత్రను తెఱచుటకు పరదేశపు వ్యాపారికి ఏటేట చందా చెల్లింపవలసిన స్థితి స్వాతంత్ర్యము గాదు. చందా ఆగిననాడు తాత తలుపు చాటున నిలుచును. ఖద్దరునందలి ధర్మము నూలు మోటుదగుటలో లేదు. రాట్నము మన యింట నుండుటలో నున్నది. ఆ ధర్మమునే యిచట పాటింపవచ్చును. 2001లో ప్రారంభమైన ‘గ్రాంప్స్’ అను ప్రోగ్రాము స్వచ్ఛందసేవకుల రచన, వెలలేదు, దాని అంతర్నిర్మాణము బహిరంగము, అది మన యంత్రముననే యుండును. అది విదేశమున పుట్టినదనుట ఆక్షేపణ గాదు. తాళపుచెవి ఎవరిచేతనున్నదనునదే ప్రశ్న. ఏ ప్రోగ్రామును కొనుటకు ముందైనను ‘ఇందుండి నా సొమ్మును సమగ్రముగ వెలికి తీసికొని పోగలనా?’ అని యడుగవలయును. లోనికి వచ్చు త్రోవ విశాలమై, వెలుపలికి పోవు త్రోవ ఇఱుకైన యిల్లు కారాగృహమే.

మన్యపు వంశవృక్షములను పరదేశపు యంత్రములలో బహిరంగముగ నుంచుటయు వివేకము గాదు. జీవించియున్నవారి పేర్లు, వయస్సులు, బంధుత్వములు భూమిపై కన్నువేసినవానికి ఆయుధములగును. గ్రామసభ ఆధీనమున ఒక ప్రతి, ఆ కుటుంబమున ఒక ప్రతి యుండుట యుక్తము.

గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడినుండి ఈ కొండలలోని సవరల భాష నేర్చి, వారికి బడులు పెట్టి, 1931లో ఆ భాషకు వ్యాకరణగ్రంథమును ప్రకటించిరి. నోటిమాటను నోరుగలవాడు చెప్పినట్లే వ్రాయవలయుననునది వారి నిష్ఠ. ఆ నిష్ఠయే నేడు అవసరము. పార్వతీపురము కళాశాలలలో చదువుచున్న జాతాపు, సవర యువకులు సెలవులలో తమ గూడెములకు పోయినపుడు అవ్వ తాతల యెదుట కూర్చుండి, పేర్లను వారు పలికినట్లే వ్రాసికొందురు గాక. ఉపాధ్యాయులు వారికి తోడ్పడుదురు గాక. పట్టణమందలి భూస్వాములును తమ దస్తావేజుల పెట్టె తెఱచి ఆ పని తమ యింటను ఆరంభింతురు గాక. పూర్వులకు తిలోదకములిచ్చుట వేఱు. పూర్వుల జ్ఞాపకమునకే తిలోదకములిచ్చుట వేఱు. ప్రోగ్రాములు వచ్చును, పోవును. మొదట పేరు తెలిసిన వృద్ధుడు పోకముందే పేరు వ్రాయవలయును. వ్రాసిన పేరు ఏ పాదునకు మార్చినను వేరు తెగకుండ చూడవలయును.